కుట్టేసిన పేజీలు

వింటర్‌కూమ్ ఊళ్ళో ఆడపిల్లల శీలమంతా ఒక సూది మొన మీద నిలబడి ఉందని ఆ ఊరి పెద్దల నమ్మకం. ఆ సూది డార్కస్ హెల్యర్‌ది.

డార్కస్ ఆ ఊరి పాదిరిగారి అక్క. వయసు నలభై దాటి చాలా కాలమైంది. పెళ్ళి కాలేదు. ఇల్లు చూసుకుంటుంది, తమ్ముడి కాలర్లకు గంజి పెడుతుంది, చనిపోయిన పెద్దన్న కూతురు ఫిలిడాను పసితనం నుంచీ తానే పెంచింది. వీటన్నిటితో పాటు ఊరివాళ్ళు ఆవిడకు అప్పజెప్పిన బాధ్యత ఇంకొకటి ఉంది. పుస్తక సంఘానికి వచ్చే ప్రతి నవలనూ అందరికంటే ముందు ఆవిడ చదవాలి. ఆడపిల్లలు చూడకూడని పేజీలు ఎక్కడున్నాయో పట్టుకోవాలి. పట్టుకుని వాటిని సూదీ దారంతో కుట్టెయ్యాలి.

ఇది నవ్వులాటకు పుట్టిన ఏర్పాటు కాదు. ఊళ్ళో నాలుగు మెతుకులున్న కుటుంబాలన్నీ కలిసి ఎక్సెటర్ పట్నం నుంచి బండి మీద పుస్తకాలు తెప్పించుకునేవి. ఒక ఇంట్లో చదవడం అయ్యాక పక్కింటికి, అక్కడి నుంచి ఆ పైయింటికి, అలా ఊరంతా తిరిగాక సెప్టెంబరు చివర వచ్చే మైకేల్మస్ పండుగనాడు వాటిని వేలం వేసి కొత్తవి కొనేవాళ్ళు. ప్రవచనాలతో పేచీ లేదు, వాటిని ఎవరూ తెరిచేవాళ్ళు కాదు. పేచీ అంతా నవలలతోనే. నవలలు చదివితే ఆడపిల్లలు పాడైపోతారని ఊళ్ళో అందరికీ తెలుసు. నవలలు లేకపోతే సంఘంలో పిట్టమనిషి మిగలడని కూడా అందరికీ తెలుసు. పాదిరి గిడియన్‌గారు తగలబెట్టమన్నారు. వకీలు స్ట్రోడ్‌గారు చెడ్డ పేజీలు కత్తిరించమన్నారు. కత్తిరించిన పుస్తకాన్ని వేలంలో ఎవడు కొంటాడని ఆయన భార్య మిసెస్ స్ట్రోడ్ అడిగేసరికి ఇద్దరూ నోరు మూసుకున్నారు. "కుట్టేస్తే సరి! వేలానికి ముందు విప్పుకోవచ్చు. మన డార్కస్ కుట్టు వేస్తే దారం ఎక్కడుందో దేవుడికి కూడా కనపడదు" అని తీర్పు చెప్పింది కూడా ఆవిడే.

డార్కస్ ఈ పనిని దైవకార్యంగా పెట్టుకుంది. పొద్దున వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, పక్కన సూదులడబ్బా పెట్టుకుని, ఒక్క అక్షరం వదలకుండా చదివేది. కొన్ని పేజీలను అనుమానం తీరక మళ్ళీ చదివేది. అనుమానం ఎంతకీ తీరని పేజీలు కూడా ఉండేవి. అలాంటి రోజుల్లో వంటమనిషి మార్తా, "అమ్మగారూ, మాంసం మాడిపోతోంది!" అని కేకేస్తేగాని ఆవిడ ఈ లోకంలోకి వచ్చేది కాదు.

ఆవిడ నియమాలు ఆవిడకున్నాయి. కథానాయిక దొంగచాటుగా ఉత్తరం అందుకున్న పేజీ కుట్టెయ్యాలి. ఇంట్లో చెప్పకుండా తోటలోకి వెళ్ళిన పేజీ కుట్టెయ్యాలి. మగవాడి చేతుల్లో మూర్ఛపోతే కుట్టెయ్యాలి, ఒంటరిగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు మూర్ఛపోయినా పరవాలేదు. శిక్ష పడే పేజీలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోకూడదు. పశ్చాత్తాపం, క్షయరోగం, లండన్‌లో కారే కప్పు కింద చావు, ఇవన్నీ పిల్లలు కళ్ళారా చదవాలి. చదివితేనే బుద్ధి వస్తుంది.

బుద్ధి వచ్చిన మాట నిజమే గానీ, అది ఎటు నుంచి వచ్చిందో చెప్పడం కష్టం. 'ఆర్మిండా కన్నీళ్ళు' అని మూడు సంపుటాల నవల ఒకటి ఆ ఏడాది వచ్చింది. అందులో ఆర్మిండా రెండో సంపుటం మధ్యలో తోటలో కూర్చుని స్ట్రాబెర్రీలు తింటుంది. అక్కడి నుంచి దళసరిగా ఒక కట్ట మొత్తం కుట్టేసి ఉంటుంది. కుట్టు దాటగానే ఆర్మిండా బాత్ నగరంలో ఒక పాడు గదిలో రక్తం కక్కుతూ దేవుణ్ణి క్షమించమని వేడుకుంటుంది. వకీలుగారి అమ్మాయి కెజయా ఇది చదివినప్పటి నుంచి స్ట్రాబెర్రీలు ముట్టడం మానేసింది.

ఫిలిడా అలా కాదు. పంతొమ్మిదేళ్ళ పిల్ల, నోరున్న పిల్ల.

"అత్తా, ఇంత లావు కట్టలో ఏమైంది?" అని అడిగింది ఒకరోజు బఠాణీలు వొలుస్తూ.

"ఏమీ అవలేదు."

"ఏమీ అవకుండానే పాపం ఆర్మిండా బాత్‌లో తేలిందా?"

"వెళ్ళింది. వెళ్ళకుండా ఉండాల్సింది. అంతే."

"ఎందుకు వెళ్ళిందో తెలిస్తే కదా, మేం వెళ్ళకుండా ఉండేది?"

"నువ్వు బఠాణీలు వొలువు."

అంచు కాస్త వంచి లోపలికి తొంగిచూస్తే సగం పేజీ కనపడుతుంది. ఊళ్ళో మిగతా పిల్లలందరూ ఆ పని చేసేవాళ్ళు, కెజయా తప్ప. కెజయాకు భయం. ఫిలిడా మాత్రం తొంగిచూడనని అత్తకు మాట ఇచ్చింది, మాట ఇచ్చింది కాబట్టి చూడలేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా డార్కస్ గుండె పొంగేది. నా పెంపకం ఇది, అనుకునేది. ఆ పిల్ల అబద్ధం ఆడదు, ఎవరూ తనతో అబద్ధం ఆడతారని అనుకోదు. తండ్రి వదిలి వెళ్ళిన బీచ్‌లీ పొలమూ, అందులోని ఆవులూ, జున్నుల కొట్టూ పెళ్ళినాటికి ఆ పిల్ల చేతికి వస్తాయి. అటువంటి పిల్లకు ఇంతకంటే ఏం కావాలి?

జూన్ నెలలో మిస్టర్ ఫేర్‌లాక్ వచ్చాడు.

ఊరి బయట శిథిలమైన మఠాన్ని బొమ్మ వేసుకోవడానికి వచ్చానన్నాడు. సత్రంలో మంచి గది తీసుకున్నాడు. ఆయన చేతిలో అరచేయంత నల్లద్దం ఒకటి ఉండేది. కొండను చూడాలంటే కొండకు వీపు పెట్టి నిలబడి, అద్దంలో చూసి, "ఆహా!" అనేవాడు. లండన్‌లో పెద్దమనుషులందరూ ప్రకృతిని ఇప్పుడు ఇలాగే చూస్తున్నారట. మన ఊరి కొండ అంత సిగ్గుపడాల్సిన పని ఏం చేసిందని మార్తా అడిగింది గానీ, మార్తా మాట ఎవరు వింటారు?

మనిషి మాత్రం ముచ్చటగా ఉండేవాడు. పాదిరిగారి తేనెటీగల గురించి గంటలకొద్దీ వినేవాడు. డార్కస్ చేసిన గూస్‌బెర్రీ టార్ట్ రెండోసారి అడిగి వేయించుకున్నాడు. దానితో ఆవిడ సగం కరిగిపోయింది. ఇంక గొంతు విషయానికొస్తే, మిసెస్ స్ట్రోడ్ ఇంట్లో బుధవారం టీకి ఆడవాళ్ళందరూ కుట్లు పట్టుకుని కూర్చుంటే, ఆయన పుస్తకం చదివి వినిపించేవాడు. ప్రవచనం చదివినా కూడా వినబుద్ధయ్యేది, అంతకంటే ఏం చెప్పాలి.

అలాంటి ఒక బుధవారం మిసెస్ స్ట్రోడ్ ఆయన ముందు పుస్తక సంఘం గొప్పలు మొదలుపెట్టింది. "మా ఊరి పిల్లలు వేరండీ. ఆ పేజీలంటూ ఉంటాయని కూడా వాళ్ళకు తెలియదు. అంతా మా డార్కస్ చలవ."

ఫేర్‌లాక్ ఎంతో గౌరవంగా డార్కస్ వైపు తిరిగాడు. "ఎంత గొప్ప ఆలోచన! అన్నిటికంటే మీకు ఎక్కువ శ్రమ కలిగించింది ఏ పుస్తకమండీ?"

డార్కస్ సిగ్గుపడింది. ఇన్నేళ్ళలో తన కుట్టు గురించి ఇంత మర్యాదగా ఎవరూ అడగలేదు. "ఆర్మిండా అండీ. రెండో సంపుటం. ఒక ఉండ దారం దానికే పోయింది."

"ఆహా," అన్నాడు ఫేర్‌లాక్. అద్దంలో కొండ కనపడ్డప్పుడు అన్నట్టే అన్నాడు.

తరువాతి సోమవారం సాయంత్రం డార్కస్ పెరట్లో గూస్‌బెర్రీలు కోస్తోంది. పొదలు ఆ ఏడు ఏపుగా పెరిగాయి. వంగి కోస్తుంటే మనిషి కనపడదు. పొదల అవతలి నుంచి మాటలు వినిపించాయి. ముందు ఫిలిడా నవ్వు, తరువాత ఆ తియ్యటి గొంతు.

"నా తల్లి కన్నుమూసే ముందు ఈ ఉంగరం నా అరచేతిలో పెట్టింది. నాయనా, నీ కన్నీరు చూసి కన్నీరు పెట్టిన కన్యకే ఇది తొడుగు, అన్నది. ఇన్నేళ్ళూ ఇది నా గుండె మీదే బరువుగా ఉన్నది."

పాపం, తల్లి లేని పిల్లవాడు, అనుకుంది డార్కస్. అనుకుంటూ ముల్లు గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుంది. ఎక్కడో విన్నట్టుంది ఈ మాట. తమ్ముడు ఏదైనా ప్రవచనంలో అన్నాడా?

"ప్రేమ మంచుబిందువు వంటిది. నాలుగు కన్నుల మధ్య ఉన్నంతసేపే అది ముత్యం..."

"ఐదో కన్ను పడితే ఆవిరి" అని డార్కస్ పెదాలు వాటంతట అవే కదిలాయి.

"...ఐదో కన్ను పడితే ఆవిరి," అన్నాడు ఫేర్‌లాక్.

గంప చేతిలోంచి జారి కాయలన్నీ మట్టిపాలయ్యాయి. డార్కస్ అలాగే వంగిపోయి ఉండిపోయింది. ఇప్పుడు మాటల్లోకి బాత్‌లో ఉన్న పినతల్లి రావాలి, అనుకుంది. పినతల్లి వచ్చింది. "పుణ్యాత్మురాలు, మిమ్మల్ని కన్నకూతురిలా చూసుకుంటుంది" అన్నాడాయన. ఇప్పుడు గోడ వెనక బగ్గీ రావాలి. బగ్గీ కూడా వచ్చింది. "గురువారం సంధ్యవేళ, చర్చి గోడ వెనుక." పుస్తకంలో అది శనివారం. అదొక్కటే ఆయన సొంతం.

ఫిలిడా ఏమందో వినపడలేదు. ఏదో మెల్లగా అంది. ఏడుపు గొంతుతో, సంతోషంగా అంది. ఆర్మిండా కూడా అలాగే అన్నది.

ఆయన వెళ్ళేదాకా ఆగి, డార్కస్ పొద చుట్టూ తిరిగి వచ్చి ఫిలిడా ఎదురుగా నిలబడింది.

"గురువారం నువ్వెక్కడికీ వెళ్ళడం లేదు."

ఫిలిడా ముఖం ఎర్రబడింది. "పొద వెనకాల నక్కి విన్నావా అత్తా?"

"నక్కలేదు. కాయలు కోస్తున్నాను."

"వింటున్నప్పుడు దగ్గొచ్చు కదా. దొంగచాటుగా వినకూడదని నాకు ఐదేళ్ళప్పుడు నేర్పింది ఎవరు?"

"ఆ మాటకొస్తే ఇంట్లో చెప్పకుండా వెళ్ళకూడదని కూడా నేనే నేర్పాను! అమ్మాయ్, ఆ మాటలు ఆయనవి కావు. దొంగ మాటలు. పుస్తకంలోవి."

"ఏ పుస్తకం? నేను సంఘం పుస్తకాలన్నీ చదివాను. ఎక్కడా లేవు."

డార్కస్ తన సూది పట్టే చేతి వంక చూసుకుంది.

"ఆయన నాతో అబద్ధం ఎందుకు చెప్తాడత్తా? ఇంతవరకూ నాతో ఎవరూ చెప్పలేదే!" అంది ఫిలిడా. పొగరుగా అనలేదు, నిజంగానే అడిగింది. "చెప్పకుండా వెళ్ళడం తప్పే. నాకూ బాధగానే ఉంది. కానీ వాళ్ళ పినతల్లిగారు ఊపిరితో ఉండగానే నన్ను చూడాలట. పాపం పెద్దావిడ."

ఆ పెద్దావిడ పినతల్లి కాదే పిచ్చిపిల్లా, ఆ కట్ట చివరి పేజీలో ఆవిడే దీపం పట్టుకుని నవ్వుతూ తలుపు వేసి గడియ పెడుతుందే, అని అరవాలనిపించింది డార్కస్‌కు. అరిస్తే నమ్మదు. తమ్ముడితో చెబితే ఆయన పిల్లను గదిలో పెట్టి తాళం వేస్తాడు. తాళం వేస్తే పిల్ల కిటికీలోంచి దూకుతుంది, బీచ్‌లీ పొలంలో చెట్లెక్కి పెరిగిన పిల్ల. ఆ పేజీలు విప్పి చేతిలో పెట్టడం ఒక్కటే మిగిలింది. కానీ ఆ పేజీలు ఎంత బాగుంటాయో ఊళ్ళో డార్కస్ ఒక్కదానికే తెలుసు. అవి చదివితే పిల్ల కళ్ళు తెరుచుకుంటాయో, ఉన్న కాస్త భయమూ పోయి గురువారం దాకా కూడా ఆగకుండా పరిగెత్తుతుందో!

మర్నాడు పొద్దున ఆవిడ వేలానికి ఉంచిన పుస్తకాల బీరువా తెరిచి రెండో సంపుటం తీసింది. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని కుట్టు విప్పసాగింది. తాను కుట్టినదే అయినా దారం కొస దొరకడానికి చాలాసేపు పట్టింది.

"అమ్మగారూ, కుట్టేది పోయి విప్పుతున్నారేంటి?" అని మార్తా నోరు వెళ్ళబెట్టింది. "లోకం గానీ తలకిందులైందా?"

"అయితే నీకు చెప్తాలే. నువ్వు పిండి కలుపు."

పుస్తకం తీసుకెళ్ళి ఫిలిడా ఒళ్ళో పెట్టింది. "చదువు. మొత్తం చదువు. తరువాత వెళ్ళాలనిపిస్తే... అప్పుడు మాట్లాడుకుందాం" అంది. వెళ్ళాలనిపిస్తే ఏం చేయాలో ఆవిడకే తెలియదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది.

లోపల చాలాసేపు పేజీలు తిరిగే చప్పుడు. తరువాత ఏ చప్పుడూ లేదు. తరువాత చిన్న ఎక్కిళ్ళ లాంటిది వినిపించింది. డార్కస్ లేచి తలుపు తోసింది. ఫిలిడా చెంపల మీద కన్నీళ్ళు ధారలుగా కారుతున్నాయి. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో కాసేపు ఆవిడకు తెలియలేదు. రెండూ చేస్తోంది.

"అక్షరం పొల్లు పోలేదత్తా!" అంది ఫిలిడా. "ఒక్క మాట, ఒక్క మాటైనా నా కోసం సొంతంగా ఆలోచించలేకపోయాడా? అంత చవగ్గా కనపడ్డానా ఆయనకు?"

"నువ్వు కాదే, చవక మనిషి వాడు."

"నేను రాత్రంతా ఆ మాటలే తలుచుకుంటూ పడుకున్నాను తెలుసా? మంచుబిందువట!" మళ్ళీ ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని పేజీ మీద వేలు పెట్టింది. "అయినా ఈ ఐదో కన్నేమిటత్తా? మనిషికి రెండు కళ్ళుంటాయి కదా, వస్తే ఐదూ ఆరూ కలిసే వస్తాయి. ఒంటికన్ను వాళ్ళకే భయపడాలా ప్రేమ?"

డార్కస్ ఆ పేజీ ఎన్నిసార్లు చదివిందో ఆవిడకే లెక్క తెలియదు. ఒక్కసారి కూడా ఆ సంగతి తట్టలేదు. ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరువాత ఆపుకోలేకపోయింది. అత్తా మేనకోడలూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతుంటే మార్తా పిండి చేతులతో పరిగెత్తుకొచ్చి, లోకం నిజంగానే తలకిందులైందని నిర్ధారణ చేసుకుని వెళ్ళింది.

"బాబాయ్‌తో చెప్పి ఊళ్ళోంచి పంపించేస్తాను," అంది డార్కస్ ఊపిరి తీసుకుని.

"వద్దత్తా. రేపు బుధవారం కదా. టీకి ఆయన చదువుతాడు కదా." ఫిలిడా ముక్కు చీదింది. "ఏం చదవాలో నేను పట్టుకొస్తాను."

బుధవారం మిసెస్ స్ట్రోడ్ ముందుగదిలో ఎప్పటిలాగే ఆడవాళ్ళందరూ చేరారు. టీ కప్పులు తిరిగాయి, గింజల కేకు తిరిగింది, సూదులు బయటికి వచ్చాయి. ఫేర్‌లాక్ కిటికీ దగ్గర వెలుతురు తన జుట్టు మీద పడేలా కూర్చున్నాడు. ఫిలిడా వినయంగా వెళ్ళి, పేజీల మధ్య రిబ్బను పెట్టిన పుస్తకం ఆయన చేతికిచ్చింది.

"ఇక్కడి నుంచి చదవండి. మీ గొంతుకు సరిగ్గా సరిపోతుంది."

ఫేర్‌లాక్ చిరునవ్వుతో తెరిచాడు. అట్ట వంక చూసుకోలేదు. "సంధ్య వేళ తోటలోని పూవులన్నీ తలలు వంచినవి," అని మొదలుపెట్టాడు. మిసెస్ స్ట్రోడ్ అప్పుడే కళ్ళు మూసుకుంది. "సర్ రోడ్రిక్ ఆర్మిండా ముందు మోకరిల్లి... నా తల్లి కన్నుమూసే ముందు..."

అక్కడ ఆగాడు. అట్ట తిప్పి చూశాడు. ముఖం పాలిపోయింది.

"ఆగారేం? చదవండి, చదవండి!" అంది మిసెస్ స్ట్రోడ్ చేతిరుమాలు తీస్తూ. "తల్లి చనిపోయే ఘట్టం చాలా నీతిదాయకం."

"గొంతు... కొంచెం పట్టేసినట్టుందండీ."

"పాపం, పరవాలేదు లెండి. నాకు నోటికొచ్చు," అంది ఫిలిడా. కుట్టు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పే పిల్లలా నిలబడి ఉంగరం నుంచి మంచుబిందువు దాకా, పినతల్లి నుంచి బగ్గీ దాకా గడగడా చెప్పేసింది. చివర ఒక్క క్షణం ఆగి, "మొన్న సోమవారం మా గూస్‌బెర్రీ పొదల దగ్గర మీరు ఇంతకంటే బాగా చెప్పారండీ. అప్పుడు పుస్తకం కూడా అవసరం లేకపోయింది" అంది.

గదిలో సూది పడితే వినపడుతుంది. నిజంగానే ఎవరిదో పడింది. ముందు ఫిలిడా పక్కన కూర్చున్నవాళ్ళకు అర్థమైంది, తరువాత టీ గిన్నె దగ్గరున్నవాళ్ళకు, అందరికంటే చివర మిసెస్ స్ట్రోడ్‌కు. ఈలోగా కెజయా కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది.

"అయితే ఆర్మిండా చచ్చిపోయింది స్ట్రాబెర్రీలు తిని కాదన్నమాట!"

అంతే. ముసలీ ముతకా, పెళ్ళైనవాళ్ళూ కానివాళ్ళూ, ఒకళ్ళని చూసి ఒకళ్ళు విరగబడి నవ్వారు. తిడితే తట్టుకుని నిలబడగలిగేవాడేమో ఫేర్‌లాక్. సర్ రోడ్రిక్‌ను ఆ పుస్తకంలో చాలామంది శపిస్తారు, కత్తి దూస్తారు, కాళ్ళు పట్టుకుంటారు. ఎవరూ నవ్వరు. నవ్వితే ఏం చెయ్యాలో అందులో రాసి లేదు. మఠం మీద ఎండ బాగా పడే వేళయిందని గొణిగి టోపీ తీసుకున్నాడు. కొండ వైపు ముఖం పెట్టి ఆయన నడవడం ఊరివాళ్ళు చూడడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ సాయంత్రమే సత్రం గది ఖాళీ అయింది.

నవ్వులు తగ్గాక మిసెస్ స్ట్రోడ్ నిటారుగా కూర్చుంది. "అది సరే. ఈ పేజీలు ఎవరు విప్పారు?"

ఫిలిడా నోరు తెరిచేలోగా డార్కస్ లేచింది. "నేనే. కుట్టిందీ నేనే, విప్పిందీ నేనే. ఏ పుస్తకంలో దారం ఎక్కువ పట్టిందో ఆ పెద్దమనిషికి చెప్పింది కూడా నేనే. కుట్టు లేని పుస్తకం వాడు లండన్‌లో చదివే ఉంటాడు. ఊళ్ళో పిల్లలకు ఏం తెలియదో వాడికి మనమే విప్పి చెప్పామండీ, టీ పోసి మరీ. ఇంక నేను కుట్టను. మీరు ఇంకెవరినైనా చూసుకోండి."

గొప్పలు ముందు మొదలుపెట్టింది ఎవరో మిసెస్ స్ట్రోడ్‌కు గుర్తుంది. అందుకే ఆవిడ గొంతు సవరించుకుంది. "తొందరపడకు డార్కస్. ఇలాంటివి నిదానంగా ఆలోచించాలి. ముందు ఆ పేజీలన్నీ నేనొకసారి చూడాలి. పెద్దదాన్ని కదా, బాధ్యత ఉంటుంది" అంటూ రెండో సంపుటం ఒళ్ళోకి లాక్కుంది. మూడోది కూడా రేపు పొద్దున్నే పంపమంది. ఇంక ఆ సాయంత్రం ఆవిడను ఎవరు పలకరించినా పలకలేదు.

అత్తా మేనకోడలూ పొలాల గట్టు వెంట ఇంటికి నడిచారు. గడ్డి కోసిన వాసన వస్తోంది. ఎండ ఇంకా ఉంది. ఫిలిడా కాసేపు హుషారుగా నడిచింది, కాసేపు కాళ్ళీడ్చింది. పోయినవాడు దొంగే అయినా, పోయింది ఒక సంతోషమే కదా. డార్కస్ పిల్ల చెయ్యి పట్టుకుంది.

కంచె దాటే మెట్టు దగ్గర ఫిలిడా ఆగింది. "అత్తా, ఒక సంగతి అడగనా? నిన్న నాకు పుస్తకం ఇచ్చి మెట్ల మీదే ఎందుకు కాపలా కూర్చున్నావు? అది చదివి కూడా నేను బగ్గీ ఎక్కేస్తాననుకున్నావా?"

"అనుకున్నాను."

"నన్ను పెంచింది నువ్వు కదా. నా బుద్ధి మీద అంత నమ్మకం లేదా నీకు?"

"నీ బుద్ధి సంగతి కాదే." డార్కస్ గౌను అంచు ఎత్తిపట్టుకుని కంచె మెట్టు ఎక్కింది. అవతలికి దిగకుండా కాసేపు అక్కడే, పైన నిలబడిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. "చదివిన ప్రతిసారీ నేను ఆ బగ్గీ ఎక్కేశాను."

ఫిలిడా తలెత్తి చూసింది. ఆవిడ టోపీ పక్కకు ఒరిగింది. మోచేతి దగ్గర గూస్‌బెర్రీ ముళ్ళు గీసుకున్న ఎర్రటి చారలున్నాయి. ఆ మనిషిని ఇంతకాలం తాను సరిగ్గా చూడనేలేదనిపించింది ఆ పిల్లకు.

"దిగత్తా, పడతావ్," అని చెయ్యి అందించింది. "ఇంటికెళ్ళాక మిగతావి కూడా విప్పుదాం. ఇద్దరం కలిసి చదువుదాం."

"మాంసం మాడిపోతుంది," అంది డార్కస్.

"మాడనీ," అంది ఫిలిడా.